గచ్చిబౌలిలో నేను చూసిన బ్రెజిల్ స్ట్రైకర్

"ఏడాదికో క్లబ్ మారుతూ దేశాలు తిరిగే బ్రెజిల్ స్ట్రైకర్లంటే సరుకు లేనివాళ్ళేనా? వాళ్ళ కెరీర్ అసలు ఎలా నడుస్తుంది?" అని అడిగారు. నేను ఆటగాణ్ణి కాదు, కోచ్‌నీ కాదు. మియాపూర్‌లో ఉంటాను. గచ్చిబౌలి స్టేడియం దగ్గరే కాబట్టి 2019-20లో మన ఊరి ఫుట్‌బాల్ క్లబ్ హైదరాబాద్ ఎఫ్‌సీ మ్యాచ్‌లు వరసగా చూశాను. ఆ సీజన్లో చూసిన ఒక్క మనిషి గురించే చెప్తాను. అతని పేరు మార్సెలిన్యో.

అసలు పేరు మార్సెలో లెయిటె పెరీరా. 1987లో రియో దె జనీరోలో పుట్టాడు. పోర్చుగీసులో పేరు చివర 'ఇన్యో' తగిలిస్తే మనం బుజ్జిగా, చిన్నోడా అన్నట్టే. అందుకే బ్రెజిల్ ఫుట్‌బాల్‌లో మార్సెలిన్యోలు చాలామంది ఉన్నారు. ఆ పేరుతో వెతికితే ముందు ఇంకెవరో దొరుకుతారు. మా స్టాండ్‌లో అయితే సగం మంది 'మార్సెలినో' అనేవాళ్ళు, మిగతా సగం వేలుపెట్టి చూపించేవాళ్ళు.

2019 నవంబర్ 2, శనివారం. గచ్చిబౌలిలో క్లబ్‌కి మొదటి హోమ్ మ్యాచ్, ఎదురుగా కేరళ బ్లాస్టర్స్. అంతకుముందు ఆడిన రెండూ బయటి ఊళ్ళలోనే. కోల్‌కతాలో 0-5, జంషెడ్‌పూర్‌లో 1-3. ఆ స్కోర్లు చూసి కూడా మా మామయ్యను బతిమాలి తీసుకెళ్ళాను. ఆయన సికింద్రాబాద్‌లో పెరిగారు, ఆనాటి ఫుట్‌బాల్ కోచ్ రహీం సాబ్ పేరెత్తితే లేచి కూర్చునే తరం. 1950 నుంచి 54 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ టోర్నీ కొట్టిన హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ గురించి చిన్నప్పటి నుంచి వింటూ పెరిగిన మనిషి.

"ఐదు గోల్స్ తిన్న టీమ్‌ను సూడనీకి నన్ను తీస్కపోతున్నవారా?" అన్నారు కారెక్కుతూనే.

ఆ స్టేడియంలో ఒక ఇబ్బంది ఉంది. అది అథ్లెటిక్స్ కోసం కట్టినది, మైదానం చుట్టూ పరుగుల ట్రాక్ ఉంటుంది. 2003 ఆఫ్రో-ఏషియన్ క్రీడల్లో అథ్లెటిక్స్ జరిగింది అక్కడే. అందుకని సీట్లో కూర్చుంటే ఆట కాస్త దూరంగా, ఎదురింటి టీవీ చూస్తున్నట్టు ఉంటుంది. పైగా రెండు క్లబ్బుల రంగూ పసుపే. కేరళ వాళ్ళు బాగానే వచ్చారు. అందరూ పసుపు బట్టల్లోనే ఉండేసరికి, ఎవరు మనవాళ్ళో అరుపుల్ని బట్టే పోల్చుకోవాల్సి వచ్చింది.

34వ నిమిషంలో కేరళ గోల్ కొట్టింది. మామయ్య నా వైపు చూశారు, ఏమీ అనలేదు. సెకండ్ హాఫ్‌లో మన స్టాంకోవిచ్ పెనాల్టీతో 1-1 అయింది. 81వ నిమిషంలో మనకి ఫ్రీ కిక్ వచ్చింది. మార్సెలిన్యో బంతి దగ్గర నిలబడ్డాడు. మామయ్య పాప్‌కార్న్ గుప్పిట్లో పట్టుకుని, నోటిదాకా తీసుకెళ్ళి ఆపేశారు. అంత దూరం నుంచి బంతి నాకు సరిగ్గా కనబడలేదు, వల కదలడం మాత్రం కనబడింది. అరుపు ఆ తర్వాత వచ్చింది. పాప్‌కార్న్ నా ఒళ్ళో పడింది. 2-1. హైదరాబాద్ ఎఫ్‌సీ మొట్టమొదటి గెలుపు అది.

సంబరం కాస్త సద్దుమణిగాక మామయ్య అడిగిన మాట ఇది: "ఈ పిల్లగాని భార్యాపిల్లలు ఏడుంటరు?"

ఆట గురించి కాకుండా ఇదేం ప్రశ్న అనుకున్నాను. ఆయన పదకొండేళ్ళు మస్కట్‌లో పనిచేశారు, రెండేళ్ళకో కాంట్రాక్టు. అది ముగిసే ముందు నెలంతా నిద్ర పట్టేది కాదని అత్తయ్య చెప్పేది. ఆ మనిషికి ముందు తట్టేది అదే మరి.

ఆ ప్రశ్నలోనే మీ ప్రశ్నకూ సగం జవాబుంది. బ్రెజిల్‌లో వందల కొద్దీ ప్రొఫెషనల్ క్లబ్బులున్నాయి. పెద్దవాటికి ఏడాదంతా ఆట ఉంటుంది. చిన్నవాటికి మాత్రం రాష్ట్ర స్థాయి టోర్నీలే దిక్కు. అవి జనవరిలో మొదలై కొద్ది నెలల్లో అయిపోతాయి. జాతీయ లీగ్‌లో నాలుగు డివిజన్లలో దేనిలోనూ చోటు లేని క్లబ్‌కి ఆ తర్వాత మ్యాచ్‌లే పెద్దగా ఉండవు. మ్యాచ్‌లు లేకపోతే జీతాలెక్కడివి? కాంట్రాక్టు కూడా ఆ కొద్ది నెలలకే రాస్తారు. అందుకే ఏజెంట్ ఫోన్ చేసి ఏ దేశం పేరు చెప్పినా సరే అంటారు. ఫిఫా ఏటా ఇచ్చే అంతర్జాతీయ బదిలీల లెక్కల్లో మొదటి స్థానం బ్రెజిల్ ఆటగాళ్ళదే. మనకి నెయ్మార్ వార్తలే వస్తాయి గానీ, ఆ లెక్కలో ఎక్కువమంది ఇలాంటివాళ్ళే.

మార్సెలిన్యో ఇండియాకు వచ్చేసరికి 29 ఏళ్ళు. 2016లో ఢిల్లీ డైనమోస్‌కి ఆడి 10 గోల్స్ కొట్టి ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) గోల్డెన్ బూట్ తీసుకున్నాడు. అచ్చమైన సెంటర్ ఫార్వర్డ్ కూడా కాదు, కాస్త వెనక నుంచి ఆడుతూ పక్కవాళ్ళకి గోల్స్ పెట్టించే రకం. అప్పట్లో ఆ లీగ్ అక్టోబర్ 1న మొదలై డిసెంబర్ 18న అయిపోయింది. రెండున్నర నెలలు! టాప్ స్కోరర్‌గా నిలిచినా జనవరిలో ఏం చేయాలో మళ్ళీ చూసుకోవాల్సిందే. తర్వాత పుణె సిటీ. 2017-18లో ఆ క్లబ్ మొదటిసారి సెమీస్‌కి వెళ్ళింది, ఇతనివి 8 గోల్స్.

ఇక్కడి నుంచే నాకు తమాషాగా ఉంటుంది. ఇతను క్లబ్బులు మారుస్తాడని అంటారు గానీ, కాస్త చూడండి. 2019లో పుణె సిటీ మూతపడింది, దాని చోటులోకి హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. కోచ్ ఫిల్ బ్రౌన్‌తో సహా చాలామంది అక్కణ్ణించి ఇక్కడికి వచ్చారు. అందులో ఇతనూ ఒకడు. అదే ఏడాది ఢిల్లీ డైనమోస్ భువనేశ్వర్‌కి మారి ఒడిశా ఎఫ్‌సీ అయింది. 2020లో ఇతను ఆ ఒడిశాలో చేరాడు. అంటే ఇండియాలో తన మొదటి క్లబ్‌కే వేరే పేరుతో, వేరే ఊరి తరఫున తిరిగొచ్చాడు. అదీ ఊరు చూడకుండానే! కోవిడ్ వల్ల ఆ సీజన్ మొత్తం గోవాలో, ఖాళీ స్టాండ్ల ముందు జరిగింది. మధ్యలో జనవరిలో లోన్ మీద, అంటే కొద్దికాలానికి అరువుగా, కోల్‌కతా క్లబ్ ఏటీకే మోహన్ బగాన్‌కి వెళ్ళాడు. ఆ మరుసటి ఏడాది నార్త్‌ఈస్ట్ యునైటెడ్, అదీ గోవాలోనే. మూడు జెర్సీలు మార్చాడు, ఊరు మాత్రం ఒక్కటే.

మరి ఇతన్ని సరుకు లేనివాడని ఎలా అనగలం? అలాగని మా హైదరాబాద్ సీజన్ గొప్పగా సాగిందనీ చెప్పను. 18 మ్యాచ్‌లకు 10 పాయింట్లు, పది జట్లలో పదో స్థానం. గెలిచినవి రెండే. ఒకటి ఆ కేరళ మ్యాచ్, రెండోది చివరి మ్యాచ్, గువాహటిలో 5-1. రెండింటిలోనూ మార్సెలిన్యో గోల్ ఉంది. మధ్యలో 14 మ్యాచ్‌లు ఎలా భరించామో అడక్కండి. కొన్ని రోజులు అతను కూడా చేతులు చాచి, పాస్ ఇవ్వలేదని నిలబడిపోయేవాడు. ఆ చిరాకు ట్రాక్ దాటి మా సీట్ల దాకా కనిపించేది.

అందరూ ఇలా తిరుగుతూనే ఉంటారని కాదు. బ్రెజిల్ వాడే అయిన జోసె బరెటో 1999లో మోహన్ బగాన్‌కి వచ్చాడు. మధ్యలో బయటికి వెళ్ళినా తిరిగొచ్చి 2012 దాకా ఆడాడు. కోల్‌కతా వాళ్ళకి అతను సొంతమనిషే. అసలు వెనక్కే వెళ్ళలేనివాళ్ళూ ఉన్నారు. ఈస్ట్ బెంగాల్ నుంచి గోవా క్లబ్ డెంపోకి మారిన క్రిస్టియానో జూనియర్ 2004 డిసెంబర్ 5న బెంగళూరులో ఫెడరేషన్ కప్ ఫైనల్ ఆడాడు. గోల్ కొడుతూ గోల్‌కీపర్‌ని ఢీకొని పడిపోయి చనిపోయాడు. వయసు 25. ఆ పదో నంబర్ జెర్సీని డెంపో ఇంకెవరికీ ఇవ్వలేదు. ఇంటికొస్తూ ఈ సంగతి గుర్తు చేసింది మామయ్యే. మస్కట్‌లో ఉన్నవాళ్ళకి ఇలాంటి వార్తలు బాగా గుర్తుంటాయి కాబోలు.

2022 మార్చిలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్ఎల్ టైటిల్ గెలిచింది. ఫైనల్లో ఎదురుగా మళ్ళీ కేరళే, పెనాల్టీల మీద గెలిచాం. అప్పటికి మార్సెలిన్యో మన జట్టులో లేడు. ఆ సీజన్ గోల్స్ భారం నైజీరియా స్ట్రైకర్ ఒగ్బెచె మోశాడు. అతనూ ఇలా దేశాలు తిరిగినవాడే. 2025లో క్లబ్ కూడా ఊరు వదిలేసింది. ఢిల్లీకి మారి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. నా పసుపు జెర్సీ మాత్రం ఇంట్లోనే ఉంది, ఆదివారాలు బండి కడిగేటప్పుడు వేసుకుంటాను.