గ్లాస్ కట్టర్ గీత మధ్యలో వదిలేస్తుంటే

స్టెయిన్డ్ గ్లాస్ (రంగుగాజు ముక్కలు అతికి చేసే) పనికి రెండేళ్లుగా వాడుతున్న నూనె కట్టర్, అంటే పిడిలో పోసిన నూనె కొనలోని చిన్న చక్రానికి అందే రకం, గీతను మధ్యమధ్యలో వదిలేస్తోంది, గట్టిగా నొక్కితే పెచ్చులు లేస్తున్నాయి, కొత్తది కొనాలా అని అడిగారు. ఒక్క రాత్రి ఆగండి. ఇదే కారణంతో నేను రెండు కట్టర్లు పారేశాను. మూడోదాన్ని విప్పి చూశాక తెలిసింది: చక్రం బాగానే ఉంది. ఇరుసులో గాజుపొడి, ఎండిన నూనె కలిసి బంకలా పట్టేయడంతో తిరగడం మానేసింది, అంతే. తిరగని చక్రం గాజు మీద ఈడ్చుకుంటూ పోతుంది.

లోపం ఏమిటో గీతనే అడగండి. పనికిరాని కిటికీ అద్దం ముక్కను శుభ్రంగా తుడిచి, ఎప్పటి ఒత్తిడితోనే పొడుగ్గా ఒక గీత లాగి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. ఖాళీలు సమాన దూరంలో వస్తుంటే చక్రం అంచు ఒకచోట దెబ్బతిన్నట్టే. ప్రతి చుట్టుకీ ఆ చోటు ఒకసారి గాజు మీదికి వస్తుంది. ఈ చక్రాల వ్యాసం చాలావరకు 4 నుంచి 6 మిల్లీమీటర్లే కాబట్టి ఆ ఎడం సుమారు ఒకటిన్నర సెంటీమీటర్లు ఉంటుంది. ఖాళీలు ఎక్కడ పడితే అక్కడ ఉంటే మాత్రం చాలాసార్లు మురికే కారణం.

మురికైతే నూనె వంపేసి, కట్టర్ తలను కిరోసిన్‌లో రాత్రంతా నానబెట్టండి. పొద్దున మెత్తటి బ్రష్‌తో రుద్ది, అగ్గిపుల్లతో చక్రాన్ని అటూ ఇటూ తిప్పండి. సూది వాడకండి. చక్రాన్ని చేసే టంగ్‌స్టన్ కార్బైడ్ ఎంత గట్టిదో అంత పెళుసు, ఇనుప మొన తగిలితే అంచు లేచిపోవచ్చు. ఆరాక కుట్టు మిషన్ నూనె లాంటి పల్చటిది మూడో వంతు వరకు పోస్తే చాలు. వంటనూనె వద్దే వద్దు, ఆరి జిగురైపోతుంది. నూనె మరీ ఎక్కువగా కారినా ఇబ్బందే: ముక్కను సబ్బుతో కడగకపోతే, ముక్కలను ఒకదానికొకటి అతకడానికి అంచుకు చుట్టే రాగి టేపు అతుక్కోదు.

అంచే పోయి ఉంటే తల మార్చడమే. సానరాయి మీద పట్టి చూశాను, లాభం లేదు. రెండు వైపులా ఒకే కోణం ఇంట్లో రాదు. పిడి బాగుంటే దానికి సరిపోయే తల ఒక్కటే కొనుక్కోండి. కొన్ని రకాల్లో తల కొద్దిగా అటూ ఇటూ తిరుగుతుంది, వంపుల కోసం అలా చేస్తారు. అది వదులైపోయిందనుకుని నేను జిగురు పెట్టి బిగించాను. ఆ తర్వాత ఒక్క వంపూ సరిగ్గా రాలేదు.

అంచు పోవడానికి నేను చూసిన పెద్ద కారణం, గీసిన గీత మీదే మళ్లీ గీయడం. మొదటి గీత నచ్చకపోయినా దాని మీదకు వెళ్లకండి. చివర గాజు అంచు దాటి కట్టర్ టక్కున కిందికి దిగనివ్వకండి, ఒకటి రెండు మిల్లీమీటర్ల ముందే ఒత్తిడి తగ్గించండి. గట్టిగా నొక్కితే బాగా తెగుతుందనుకోవడం పొరపాటు. గాజును కట్టర్ కొయ్యదు, సన్నటి పగులును మొదలుపెడుతుంది. ఒత్తిడి ఎక్కువైతే ఆ పగులు పక్కలకు పాకుతుంది. మీ పెచ్చులకు కారణం అదే కావచ్చు.

ప్లయర్లూ ఒకసారి చూసుకోండి. గీత వెంట విరిచే ప్లయర్ దవడలకు ఉండే ప్లాస్టిక్ తొడుగులు చిరిగితే ఒత్తిడి ఒకే చోట పడి గాజు పక్కదారి పడుతుంది; కొత్తవి తొడగండి. దాని మరను గాజు మందానికి తగ్గట్టు సరిచేయండి. అంచులు కొరికే ప్లయర్ పళ్లలో ఇరుక్కున్న గాజు రవ్వలను ఇత్తడి బ్రష్‌తో తీయండి. అప్పుడు కళ్లజోడు తప్పనిసరి. ఆ పొడిని నోటితో ఊదకండి, తడిగుడ్డతో తుడవండి.