ఒహాయో పోతున్న మేనకోడలికి

అమ్మడూ,

భూటాన్ శరణార్థుల దుఃఖాన్ని కొలవడానికి అమెరికా పోతున్నావని మీ నాన్న ఊరంతా చెప్పుకుంటున్నాడు. నాకు గర్వం సగం, గుబులు సగం.

స్వెట్టర్లు, అనుమతి కాయితాలు నువ్వే చూసుకుంటావు. దుబాసీగా మాత్రం ఆ ఇంటి పిల్లల్ని కూచోబెట్టకు. కన్నబిడ్డ చేత తన ఏడుపు చెప్పించుకునే తల్లి ఉంటుందా?

నువ్వు పంపిన ప్రశ్నలు చదివాను. అయినవాళ్ళు పోయాక తీరని దుఃఖాన్ని మార్కులేసి కొలిచే 1995 నాటి ఆ 19 ప్రశ్నలూ పోయిన మనిషి చుట్టే తిరిగాయి. రాపూరు తట్టు, జలాశయంలో మునిగిన ఊరోళ్ళ కాలనీకి నా విద్యార్థుల్ని తీసుకుపోయేదాన్ని, గుర్తుందా? అక్కడ ఒక సర్వే కుర్రాడు ఓ ముసలామెని "ఈమధ్య మీ ఇంట్లో ఎవరన్నా పోయారా?" అనడిగాడు. "లేదు నాయనా" అంది. సున్నా వేసుకుని పక్కింటికి పోయాడు. ఆమె మొగుడు పోయి ఎన్నేళ్ళో అయింది, సమాధి నీళ్ళకింద ఉంది. సంక్రాంతికి మనం సమాధులకి సున్నం కొట్టి పూలు పెడతామే, ఆ పొద్దు ఆమె విస్తరి పట్టుకుని "ఏ దిక్కున పెట్టేది తల్లా?" అని నన్నడిగింది. నాకేం చెప్పాలో తోచలా. ఆ కుర్రాడి లెక్కలో మాత్రం ఆమెకే దిగులూ లేదు!

మారిస్ ఐజెన్‌బ్రుక్ అనే మానసిక వైద్యుడు కాంబోడియా శరణార్థి పిల్లల్లో చూసింది ఇదే, మనిషి ఒక్కడే కాదు, ఊరూ ఆచారాలూ పోయిన దుఃఖం. పాతవన్నీ వదిలెయ్యమన్న అమెరికాలో బెంగ ఎక్కువ, తమ ఆచారాలు సాగనిచ్చిన ఆస్ట్రేలియాలో తక్కువ. ఆయన కలలూ, కర్మకాండలూ అడిగాడు. నువ్వూ అడుగు. 1990ల మొదట్లో భూటాన్ వదిలి, నేపాల్ శిబిరాల్లో పదిహేనేళ్ళకు పైగా గడిపి, 2007 తర్వాత అమెరికాలో దిగినోళ్ళని "పోయి ఏడాది దాటిందా?" అంటే, ఏది పోయిన నాటినుంచి లెక్కేసుకుంటారు?

నా అసలు భయం వేరే. 2009-2012 మధ్య జరిగిన ఆత్మహత్యల మీద అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ పరిశోధన చేసింది వీళ్ళలోనే. ఎవరైనా "బతకాలని లేదు" అంటే పెన్ను పక్కన పెట్టు. తర్వాతి ప్రశ్నకి పోయావో, నేనే విమానమెక్కి వచ్చి చెంప పగలగొడతా. ఎవరికి ఫోన్ చెయ్యాలో ముందే రాసి పెట్టుకో. ఆ సాయంత్రం ఒంటరిగా ఉండకు, అన్నం మానకు.

పోయేముందు ఆ ప్రశ్నలు నన్నడిగి చూడు. మీ మామయ్య పోయి ఏడాది దాటిందిగా, ఎన్ని మార్కులొస్తాయో చూద్దాం. ఆదివారం మాత్రం రావద్దు. మీ నాన్న ఇంట్లో ఉంటాడు, వాడి ఎదుట నేను నిజం చెప్పను.

మీ అత్త