చేపల కంటే ముందు నీరు సిద్ధం కావాలి

ప్రశ్న: కొళత్తూరులో గాజుతొట్టి కొన్నాను. మెరీనా నుంచి సముద్రపు నీరు తెచ్చి నింపితే, చేపలను ఎన్నాళ్లకు వదలవచ్చునండీ?
– ఒక పాఠకురాలు, అడయారు, చెన్నై

జవాబు: తీరం దగ్గరి నీటిలో మురుగు కలిసే ప్రమాదం ఉంది కనుక ఆ ఆలోచన మానుకోండమ్మా. ఆర్‌వో నీటిలో సముద్రపు చేపల తొట్టి కోసం అమ్మే ఉప్పును (మెరైన్ సాల్ట్ మిక్స్) లీటరుకు సుమారు 35 గ్రాముల చొప్పున కలిపి, సాపేక్ష సాంద్రత (మంచినీటితో పోలిస్తే ఈ నీరు ఎంత బరువో చెప్పే కొలత) 1.025 దగ్గర నిలిచేలా చూసుకోండి. వంట ఉప్పు పనికిరాదు.

అసలు ఓపిక కావలసింది ఆ తరువాతే. చేపల విసర్జనతో పుట్టే అమ్మోనియా వాటికే విషం. దానిని నైట్రైటుగా, ఆ నైట్రైటును అంతగా హాని చేయని నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియా రాళ్ల మీద, ఇసుకలో స్థిరపడడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. చేపలు లేని తొట్టి నీటిలో చిటికెడు మేత వేస్తే, అది కుళ్లి వెలువడే అమ్మోనియాయే ఆ బ్యాక్టీరియాకు ఆహారం. అమ్మోనియా పరీక్ష కిట్ గొట్టంలో నీరు ఆకుపచ్చగా మారుతున్నంత కాలం, అంటే అమ్మోనియా ఇంకా ఉన్నంత కాలం, దుకాణంవారు ఎంత తొందరపెట్టినా సరే, చేపను తేవద్దు. అమ్మోనియా, నైట్రైటు రెండూ పెరిగి, తిరిగి సున్నాకు దిగాకనే ఒకటి రెండు చేపలతో మొదలుపెట్టండి.

చెన్నై ఎండలకు నీరు ఆవిరైనా ఉప్పు తొట్టిలోనే మిగిలిపోతుంది కాబట్టి, తగ్గిన మేరకు ఉప్పు కలపని ఆర్‌వో నీటినే పోయండి.