వంశీకి: కారులో రేడియో పెట్టే ముందు

చి. వంశీకి ఆశీస్సులు.

హ్యామ్ (అమెచ్యూర్) రేడియో లైసెన్స్ చేతికొచ్చిందని మీ అమ్మ చెప్పింది, చాలా సంతోషం. కారులో పెట్టడానికి నువ్వు పంపిన మూడు డ్యూయల్ బ్యాండ్ (వీహెచ్‌ఎఫ్, యూహెచ్‌ఎఫ్ రెండింటిలోనూ పనిచేసే) సెట్ల వివరాలూ చూశాను. ఏది 25 వాట్లు, ఏది 50 వాట్లు అనే దాని మీదే నీ చూపంతా ఉంది. 25 నుంచి 50కి పోతే పెరిగేది 3 డెసిబెల్స్. అవతలివాళ్ళ సెట్‌లో సిగ్నల్ బలం చూపే మీటర్‌లో అర ఎస్-యూనిట్, అంతే. పైగా నీ గ్రేడుకి ఎన్ని వాట్ల దాకా అనుమతో లైసెన్స్ షరతుల్లో ఉంటుంది. ముందు అది చదువు.

అసలు చూడాల్సింది ఆ సెట్ ఏ దేశం కోసం తయారైందని. మన దేశంలో హ్యామ్‌లకిచ్చినవి వీహెచ్‌ఎఫ్‌లో 144 నుంచి 146 మెగాహెర్ట్జ్, యూహెచ్‌ఎఫ్‌లో 434 నుంచి 438. అమెరికా మోడల్ 144 నుంచి 148 దాకా, 430 నుంచి 450 దాకా ట్రాన్స్‌మిట్ చేస్తుంది. డయల్ తిరుగుతోంది కదా అని అక్కడ మైకు నొక్కకు. అందులోనే ఇంకో చిక్కు ఉంది. రిపీటర్ అంటే మన మాట ఒక ఫ్రీక్వెన్సీలో విని ఇంకో దాంట్లో తిరిగి పంపే స్టేషన్, ఆ రెండింటి మధ్య తేడాయే షిఫ్ట్. ఆ సెట్లలో యూహెచ్‌ఎఫ్ రిపీటర్ షిఫ్ట్ మామూలుగా 5 మెగాహెర్ట్జ్ అని ముందే పెట్టి వస్తుంది. మన బ్యాండు మొత్తం వెడల్పే 4, ఇక 5 ఎక్కడ పడుతుంది? నొక్కావంటే బ్యాండు బయటే. 2 మీటర్లలో, అంటే మన వీహెచ్‌ఎఫ్ బ్యాండులోనూ, కొన్ని సెట్లు 145.100 నుంచి 145.500 లోపు తమంతట తామే 600 కిలోహెర్ట్జ్ షిఫ్ట్ తగిలించుకుంటాయి. సింప్లెక్స్‌లో, అంటే రిపీటర్ లేకుండా ఒకే ఫ్రీక్వెన్సీలో, పిలుస్తున్నాననుకుంటావు, ఎవరూ పలకరు. ఫ్రీక్వెన్సీ పక్కన చిన్న మైనస్ గుర్తు కనిపిస్తే విషయం అదే. కొన్న రోజే మెనూలో ఆటో షిఫ్ట్ ఆపేసి, మన రిపీటర్లకు కావాల్సింది చేత్తో పెట్టుకో.

దుబాయ్ నుంచి ఎవరో సూట్‌కేసులో తెస్తారన్నావట, ఆ ఆలోచన మానుకో. దిగుమతికి అనుమతి కాగితాలు కావాలి. బిల్లు, కాగితాలు ఉన్నదే కొను, నాలుగు వేలు ఎక్కువైనా సరే.

తర్వాత రిసీవర్. మన ఊళ్ళో గుట్టల మీదా మేడల మీదా టవర్లే. చవక సెట్లలో రిసీవర్ అంతా ఒక్క చిప్‌లోనే ఉంటుంది, చుట్టూ ఉన్న బలమైన సిగ్నళ్ళకు అది ఉక్కిరిబిక్కిరవుతుంది. దీన్ని పట్టుకోవడం తేలికే. హ్యాండ్‌సెట్ తోకతో (దాని చిన్న యాంటెన్నాతో) వినపడే రిపీటర్, మేడ మీది యాంటెన్నా తగిలించగానే మాయమైతే ఆ రిసీవర్ ఓవర్‌లోడ్ అవుతోందన్నమాట. కొనే ముందు ఎవరి దగ్గరైనా ఇలా విని చూడు.

డ్యూయల్ బ్యాండ్ అని రాసినంత మాత్రాన రెండు బ్యాండ్లూ ఒకేసారి వినదు. కొన్ని అటూ ఇటూ గెంతుతూ వింటాయి. ఐకామ్ ఐసీ-2730, కెన్‌వుడ్ టీఎం-వీ71 లాంటివి రెండూ ఒకేసారి వింటాయి. దీనికి డబ్బు పెట్టడం దండగ కాదు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో రిపీటర్ నడుస్తున్నప్పుడు 145.990లో, రిపీటర్‌ని తెరిచే 67 హెర్ట్జ్ టోన్‌తో పిలిచి, 437.800లో వినాలి. రెండూ మన హద్దుల్లోనే ఉన్నాయి, చూశావా! కాకపోతే కేంద్రం వేగంగా కదలడం వల్ల (దీన్నే డాప్లర్ అంటారు) 437.800, అది మన మీదుగా పోయే పాస్ మొదట్లో దాదాపు 10 కిలోహెర్ట్జ్ పైకి, చివర్లో అంతే కిందికి జరుగుతుంది. అలా జరిగిన ఫ్రీక్వెన్సీలను వేరువేరు మెమరీల్లో పెట్టుకో.

డిజిటల్ గురించి ఇప్పుడే టెన్షన్ వద్దు. అందులో పద్ధతులు వేరువేరు. డీ-స్టార్‌లో మాట్లాడేవాళ్ళు సీ4ఎఫ్‌ఎమ్ వాళ్ళకు అర్థం కారు, డీఎమ్‌ఆర్ మళ్ళీ వేరు. నీతో మాట్లాడేవాళ్ళు దేని మీద ఉన్నారో తెలిశాక చూద్దాం.

ఇక సెట్ నుంచి యాంటెన్నాకి పోయే కేబుల్. నీ లిస్టులో దానికి ఐదు వందలే రాశావు. ఇంట్లో పెట్టినప్పుడు డాబా మీదికి 10 మీటర్ల సన్న ఆర్‌జీ-58 వేశావనుకో, యూహెచ్‌ఎఫ్‌లో 50 వాట్లు కింద బయల్దేరితే పైకి చేరేది సగం కూడా ఉండదు. వినడంలోనూ అంతే నష్టం. ఆర్‌జీ-213 వేసుకో. లావుగా ఉండి కిటికీ దగ్గర వంచడం కష్టమే, అయినా అదే వేసుకో. కనెక్టర్ మీద వానపడకుండా సెల్ఫ్ అమాల్గమేటింగ్ టేపు (తనకు తానే అతుక్కుపోయే రబ్బరు టేపు) చుట్టు. మామూలు కరెంటు టేపు ఒక్క ఎండాకాలానికే జిగురు కారి ఊడొస్తుంది. కోఠి గుజరాతీ గల్లీలో ఎల్‌ఈడీ లైట్లకమ్మే పవర్ సప్లై తెచ్చి సెట్‌కి పెట్టకు, రేడియో అంతా బుర్రుమంటుంది.

కారులో సిగరెట్ లైటర్ సాకెట్ వాడొద్దు. 50 వాట్లకు 10 ఆంపియర్లు దాటి లాగుతుంది. బ్యాటరీ నుంచే లావు వైర్లు లాగి, రెండింటికీ బ్యాటరీ దగ్గరే ఫ్యూజులు పెట్టించు. ముందు ప్యానెల్ విడిగా వచ్చే సెట్ అయితే బాడీని సీటు కింద దాచెయ్, ఫ్యాన్‌కి గాలి ఆడాలి సుమా. మే నెల మధ్యాహ్నం డ్యాష్‌బోర్డు మీద ఏదీ ఉంచకు.

నాకైతే నువ్వు పంపిన వాటిలో రెండోది నచ్చింది, దాని రెండు రిసీవర్ల కోసం. తొందరేం లేదు, సోమాజిగూడలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది, 1983లో పెట్టింది. అక్కడికెళ్ళి నలుగురినీ కలిసి, వాళ్ళ సెట్లు చూసి రా. యాంటెన్నా బిగించే రోజు ఫోన్ చెయ్, యాంటెన్నా సరిగ్గా కుదిరిందో లేదో చూపే ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్ పట్టుకొస్తాను.

మీ బాబాయి