‘పీసీ అయితే గేమ్స్ ఫ్రీ’ అంటున్నారా? అయితే కన్సోలే కొనండి

ప్రశ్న (దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక నాన్నగారు): మా వాడు ఇంటర్ సెకండియర్. ఎప్‌సెట్ అయ్యాక గేమింగ్‌కి ఏదో ఒకటి కొనిస్తా అని మాటిచ్చేశా. బడ్జెట్ 80 వేలు. నేను ప్లేస్టేషన్ లాంటి కన్సోల్ అనుకుంటున్నా, వాడేమో పీసీయే కావాలంటాడు. బీటెక్‌కి పనికొస్తుందట, పైగా గేమ్స్ అన్నీ ఫ్రీ అట. సికింద్రాబాద్ కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో ఒక షాపువాళ్లు రాసిచ్చిన కొటేషన్ ఫొటో పంపుతున్నా. ఏది కొనమంటారు?

సమ్మర్ దగ్గరపడితే చాలు మెయిల్ నిండా ఇదే ప్రశ్న. ఒకరి దగ్గర 50 వేలు, ఇంకొకరి దగ్గర లక్షన్నర, ఒకరిది మియాపూర్, ఇంకొకరిది మలక్‌పేట, కానీ చివర్లో ‘పైగా గేమ్స్ ఫ్రీ’ అన్న ముక్క మాత్రం అందరూ రాస్తారు. 4కేనా 1440పీనా, రే ట్రేసింగ్ ఉందా లేదా, ఆ గొడవ నేను ఎత్తను, అవన్నీ మీ వాడు ఈపాటికి యూట్యూబ్‌లో చూసి కంఠతా పట్టేసి ఉంటాడు. ఆ ఫ్రీ సంగతి మాత్రం మాట్లాడుకుందాం.

ఫ్రీ అంటే క్రాక్ సార్, అంటే లైసెన్స్ తాళం పగలగొట్టిన దొంగ కాపీ. టొరెంట్‌లోనో టెలిగ్రామ్ గ్రూపులోనో దొరికేది, లేదంటే ఎవరో హార్డ్ డిస్క్‌లో గేమ్స్ అన్నీ లోడ్ చేసి అమ్మేది. ఆ ఫోల్డర్‌లో ఒక చిన్న నోట్‌ప్యాడ్ ఫైల్ ఉంటుంది, తెరిచి చూడండి. ‘ముందు యాంటీవైరస్ ఆఫ్ చెయ్యి, ఈ ఫోల్డర్‌ని స్కాన్ చెయ్యకుండా ఎక్స్‌క్లూజన్‌లో పెట్టు, అడ్మిన్‌గా రన్ చెయ్యి’ అని ఉంటుంది. దొంగ గేటు దగ్గర నిలబడి ‘కుక్కని కట్టేయండి, లోపలికొస్తా’ అంటే మనం కట్టేసినట్టే ఇది. అన్ని క్రాకుల్లోనూ వైరస్ ఉంటుందని నేను అనట్లేదు, ఉన్నదేదో లేనిదేదో తెలుసుకునే దారి మనమే మూసేస్తున్నాం అంటున్నా.

వైరస్ అనగానే కంప్యూటర్ స్లో అవుద్ది, స్క్రీన్ మీద ఏదో ఎర్రగా వస్తుంది అనుకుంటారు చాలామంది, అది పాతకాలం. ఇప్పుడొచ్చేవి ఇన్ఫో స్టీలర్లు. గేమ్ చక్కగా నడుస్తుంది, మీ వాడు హ్యాపీగా ఆడుకుంటాడు, వెనకాల అది బ్రౌజర్‌లో సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్‌లు, ఆటోఫిల్ వివరాలు, కుకీలు అన్నీ మూట కట్టి పంపించేసి తన పని తాను చూసుకుంటుంది. ‘ఓటీపీ ఉందిగా సార్’ అంటారు ఇక్కడ. మీరు ఒకసారి మెయిల్‌లో లాగిన్ అయ్యాక రోజూ పాస్‌వర్డ్, ఓటీపీ అడగదు కదా, ఎందుకడగదంటే మీరు ఆల్రెడీ లోపల ఉన్నారని ఒక కుకీ గుర్తు పెట్టుకుంటుంది కాబట్టి, ఆ కుకీ దొంగ చేతిలో పడితే వాడూ లోపల ఉన్నట్టే లెక్క. ఇక ఓటీపీ అడిగేదెవరు? మెయిల్ పోతే దానికి లింకైన చాలా అకౌంట్ల పాస్‌వర్డ్‌లూ రీసెట్ చేసుకోవచ్చు. బ్యాంకు సైట్లు కాసేపటికి వాటంతట అవే లాగౌట్ చేస్తాయి కాబట్టి అక్కడ కొంచెం నయం, మెయిల్, సోషల్ మీడియా, గేమ్ అకౌంట్లకి ఆ రక్షణ ఉండదు.

ఇంకోటి, అకౌంట్ పోయిందని తెలియగానే అదే కంప్యూటర్‌లో కూర్చుని పాస్‌వర్డ్ మారుస్తారు, ఆ కొత్త పాస్‌వర్డ్ కూడా నేరుగా ఆ దొంగకే వెళ్తుంది. ఫోన్ నుంచి మార్చండి, ‘అన్ని డివైజ్‌ల నుంచి లాగౌట్’ కొట్టండి, ఆ తర్వాత పీసీ మొత్తం ఫార్మాట్ చేయించండి. డబ్బులు కూడా పోతే గంటలు లెక్కపెట్టకుండా వెంటనే సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి.

క్రాక్ ఒక్కటే కాదు, గేమ్‌లో అడ్డదారిన గెలిపించే చీట్లు, ‘ఫ్రీ స్కిన్స్’ (గేమ్‌లో పాత్రల వేషాలు), ‘బ్రో నేనొక గేమ్ చేశా, టెస్ట్ చేసి చెప్తావా’ అని చాట్‌లో వచ్చే ఫైళ్లు, అన్నీ ఇదే బాపతు. 2025 ఫిబ్రవరిలో అయితే పేరున్న పీసీ గేమ్ స్టోర్‌లోనే ఒక ఫ్రీ గేమ్‌లో స్టీలర్ దొరికింది, తర్వాత తీసేశారనుకోండి. అంత కాపలా ఉన్నచోటే అలా ఉంటే టెలిగ్రామ్ గ్రూపులో కాపలా ఎవరు?

ఇక మీ కొటేషన్. ‘ఐ సెవెన్, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్, 500 వాట్స్ ఎస్‌ఎంపీఎస్, ఓఎస్ ప్లస్ ఆఫీస్ ప్లస్ యాంటీవైరస్ ఫ్రీ’. ఒక్క మోడల్ నంబర్ లేదు. ఐ సెవెన్ అంటే ఏ జనరేషన్? 2013 నాటి నాలుగో జనరేషన్ కూడా ఐ సెవెనే, ఆఫీసుల్లోంచి పాత డబ్బాలు తెచ్చి కొత్త క్యాబినెట్‌లో రంగురంగుల ఫ్యాన్లు బిగించి గేమింగ్ పీసీ అని అంటగట్టేవాళ్లున్నారు. దాంట్లో విండోస్ 11 అధికారికంగా ఎక్కదు, విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ అయిపోయింది. ఎస్‌ఎంపీఎస్ (లోపలి పార్టులకి కరెంటు ఇచ్చే డబ్బా) కంపెనీ రాయలేదంటే లోకల్ సరుకే, అది పోతూ పోతూ గ్రాఫిక్స్ కార్డ్‌ని కూడా తీసుకుపోగలదు. పైగా 600 వీఏ యూపీఎస్ కూడా రాశారు, అది ఇచ్చేది సుమారు 360 వాట్లు, గేమ్ మధ్యలో కరెంటు పోతే యూపీఎస్ కుయ్యిమని పడుకోవచ్చు.

అన్నిటికంటే నాకు మండింది ఆ ‘ఓఎస్ ఫ్రీ’. విండోస్ లైసెన్స్ కొనకుండా, కొన్నట్టు నమ్మించే యాక్టివేటర్ అని ఒకటి రన్ చేస్తారు, దానికీ యాంటీవైరస్ ఆఫ్ చెయ్యాల్సిందే. అంటే మీ వాడు ఏ తప్పూ చెయ్యకముందే, షాపులోంచి ఇంటికొచ్చేటప్పటికే కుక్కని కట్టేసి పంపిస్తున్నారన్నమాట. ఓఎస్ లేకుండా ఇవ్వమనండి, లైసెన్స్ విడిగా కొనండి, ప్రతి పార్టుకీ మోడల్ నంబర్‌తో జీఎస్టీ బిల్ అడగండి. నంబర్లు రాయమంటే మొహం చిట్లించే షాపు మనకొద్దు, సీటీసీలో పక్క షాపు పది అడుగుల దూరంలోనే ఉంటుంది. ర్యామ్ రేట్లు 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్ల పుణ్యమా అని మండిపోతున్నాయి, కాబట్టి కొటేషన్ పాతబడకముందే నిర్ణయం తీసుకోండి.

సరే, ఏది కొనాలి? బీటెక్ నిజమైతే పీసీయే కొనండి, కాకపోతే మీ వాడితో ముందే ఒక మాట అనుకోండి, క్రాక్ ఒక్కటి కూడా ఉండదు అని. లీగల్‌గా ఫ్రీగా ఆడే గేమ్స్ బోలెడున్నాయి, సమ్మర్ సేల్‌లో రెండు మూడేళ్ల కిందటి పెద్ద గేమ్స్ బాగా తక్కువకే వస్తాయి. వాడికి మామూలు యూజర్ అకౌంట్ ఇవ్వండి, అడ్మిన్ పాస్‌వర్డ్ మీ దగ్గరే పెట్టుకోండి, మీ బ్యాంకు పనులు, మీ మెయిల్ ఆ మెషీన్‌లో అసలు తెరవకండి. ‘అబ్బే, గేమ్‌కి డబ్బులెవరు పెడతారు డాడీ’ అంటే మాత్రం కన్సోల్ కొనిచ్చేయండి, అందులో టెలిగ్రామ్ ఫైల్ తెచ్చి రన్ చెయ్యడం కుదరదు. ఆన్‌లైన్‌లో ఆడాలంటే చాలా గేమ్స్‌కి ఏటా సబ్‌స్క్రిప్షన్ కట్టాలి, కొత్త గేమ్ ఐదు వేల దగ్గర ఉంటుంది, కార్డు అందులో సేవ్ చెయ్యకండి, వోచర్లు కొని వేసుకోండి. ఇంకా దయచేసి దాన్ని టీవీ యూనిట్‌లో అద్దం తలుపు వెనక బిగించకండి, మే నెల హైదరాబాద్‌లో మనమే ఉండలేం.

కన్సోల్ అంటే డిస్క్ ఉన్నదే కొనండి. డిస్క్ లేని మోడల్ చవక అని మురిసిపోతారు గానీ ఆడేశాక గేమ్‌ని అమ్ముకోలేరు, ఫ్రెండ్ దగ్గర అరువు తెచ్చుకోలేరు, వాళ్ల స్టోర్‌లో వాళ్లు చెప్పిందే రేటు. ఆ స్టోర్‌లో ‘కొనండి’ అని బటన్ ఉంటుంది, మనకొచ్చేది లైసెన్స్ మాత్రమే, ఈ సంగతి స్పష్టంగా చెప్పి అమ్మండి అని 2024లో కాలిఫోర్నియా చట్టమే చేయాల్సి వచ్చింది. పోనీ డిస్క్ కొన్నా సుఖముందా, కొన్నిట్లో గేమ్ సగమే ఉంటుంది, మిగతాది మొదటి రోజే డౌన్‌లోడ్ చేసుకోవాలి, శనివారం సాయంత్రం పిల్లలు ఆశగా డిస్క్ పెడితే ఆడేది ఆదివారం. ఐదు వేలు తీసుకుని సగం వండిన గేమ్ అమ్మి, మిగతాది అప్‌డేట్‌లో పంపిస్తాం అనడం ఏం పద్ధతో! పైగా పాతబడే కొద్దీ కన్సోల్ రేటు తగ్గాలి కదా, 2021 ఫిబ్రవరిలో 49,990కి వచ్చిన ప్లేస్టేషన్ 5 డిస్క్ మోడల్ 2022 నవంబర్‌లో 54,990 అయింది.

ప్రశ్న (అమీర్‌పేట పీజీ నుంచి): జైల్‌బ్రేక్ చేసిన (కంపెనీ తాళం తీసేసి కాపీ గేమ్స్ ఆడేలా మార్చిన) సెకండ్ హ్యాండ్ కన్సోల్ సగం రేటుకే ఇస్తున్నారు, గేమ్స్ నిండా ఉన్నాయి. తీసుకోవచ్చా అన్నా?

వద్దు తమ్ముడూ. జైల్‌బ్రేక్ కన్సోల్ లోపలి పాత సాఫ్ట్‌వేర్ (ఫర్మ్‌వేర్) మీదే పనిచేస్తుంది, అప్‌డేట్ చేస్తే అది పోద్ది, చెయ్యకుండా ఆన్‌లైన్‌కి వెళ్తే కన్సోలే బ్యాన్ అవ్వొచ్చు. మామూలుది దొరికితే తీసుకో. వెళ్లినప్పుడు నీ డిస్క్ ఒకటి పట్టుకెళ్లి పెట్టి చూడు, కంట్రోలర్ స్టిక్ ముట్టుకోకుండా వదిలేస్తే కర్సర్ దానంతటదే జరుగుతోందా చూడు, అమ్మేవాళ్ల అకౌంట్ తీసేయించు, నీ ఫోన్ హాట్‌స్పాట్‌కి కనెక్ట్ చేసి నీ అకౌంట్‌తో లాగిన్ అవ్వు. ‘నెట్ ఎందుకులే బ్రో’ అని అవతలివాళ్లు నసిగితే డబ్బులు జేబులోంచి తియ్యకు.