మేనకోడలికి: రావులు ఎంతమందో ముందు తేల్చుకో

బరంపురం

అమ్మలూ,

ఒక ప్రొఫెసర్ గారి ముప్పై ఏళ్ల పేపర్లకి ఎంత విలువ వచ్చింది, ఏయే శాస్త్రాలవాళ్లతో కలిసి పనిచేశారు అన్నది లెక్క తేల్చమని నీకు అప్పగించారట. మీ అమ్మ ఫోన్లో చెప్పింది. గర్వంగానే ఉంది, గుండె దడగానూ ఉంది. నువ్వు వేసే అంకె ఎవరి ప్రమోషన్ ఫైల్లోకి పోతుందో నీకు తెలీదు.

తేలిక పనులు ముందు. పేపర్లనీ వాటి సైటేషన్లనీ (వేరే పేపర్లు వాటిని ఎన్నిసార్లు ఉదహరించాయో) జాబితా కట్టే స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్, ఓపెన్‌అలెక్స్‌లలో ఒక్కటే పట్టుకో. గూగుల్ స్కాలర్ థీసిస్‌లనీ, జర్నల్లో అచ్చు కాకముందే పెట్టే ప్రీప్రింట్లనీ కూడా లెక్కేస్తుంది, దాని అంకె వీటితో కలపకు. డేటా దించిన తారీకు రాసుకో. సొంత సైటేషన్లు, అంటే తన పేపర్లని తనే ఉదహరించుకున్నవి, ఉంచి ఒకసారి, తీసి ఒకసారి చూపించు.

ఇక పేర్లు. నేను బోర్లాపడింది ఇక్కడే. యంత్రానికి చివరి మాటే ఇంటిపేరు. సాహు, పాణిగ్రాహి లాంటి ఒడియావాళ్లకి ఇబ్బంది లేదు. మన ఇంటిపేరు ముందుంటుంది, అదీ ఒక్క పొడి అక్షరమై. పి. శ్రీనివాసరావు ఒక చోట ‘రావు పి.ఎస్.’, మరో చోట ‘శ్రీనివాసరావు పి.’, ఒడియా ఉచ్చారణ ప్రకారం రాస్తే ‘శ్రీనిబాస్’. ఒక మనిషి మూడు ముక్కలు. అదే ‘రావు పి.ఎస్.’ కింద ఒక కెమిస్టు, ఒక పశువైద్యుడు, ఒక సివిల్ ఇంజనీరు ఒకటైపోతారు. నేనొకసారి పేరు కొట్టి వచ్చిందంతా కలిపేశాను. అన్ని శాస్త్రాలూ కలిపి పనిచేసిన మహానుభావుడని తేలింది! తప్పు కలుపుడు తప్పులా కనబడదే, బహుశాస్త్ర సహకారంలా మెరుస్తుంది. అందుకే దాన్ని ఎవరూ పట్టుకోరు.

అందుకని మీ ప్రొఫెసర్ గారి బయోడేటా తెప్పించు. ఆర్కిడ్ (ORCID) అని ఒక్కో పరిశోధకుడికి విడిగా ఉండే 16 అంకెల నంబరు ఉంటే మంచిదే, కానీ చాలామంది దాన్ని తెరిచి వదిలేస్తారు, దాని మీదే ఆధారపడకు. పేపరుకో వరస వేసి, డీఓఐ (పేపరుకిచ్చే శాశ్వత గుర్తు), సహరచయితలు, చిరునామా చూసి ‘అవును, కాదు, సందేహం’ అని గుర్తు పెట్టు. చిరునామాలో కూడా గోతులున్నాయి. ఒడిశాలో మన బరంపురం ఒకటి, బెంగాల్ ముర్షిదాబాద్‌లో బహరంపూర్ ఒకటి. ఇంగ్లీషు స్పెల్లింగులో చివరి రెండు మూడు అక్షరాలే తేడా. 2011కి ముందు పేపర్లలో ఒరిస్సా అని ఉంటుంది, ఆ తర్వాత ఒడిశా. ఎవరు ఎవరితో కలిసి రాశారో పటం గీసే సాఫ్ట్‌వేర్ వీఓఎస్‌వ్యూయర్‌కి థిసారస్ ఫైలు రెండు కాలమ్‌లతో (ఒకదాంట్లో ఉన్న రూపం, రెండోదాంట్లో ఉండాల్సిన రూపం) చేసి ఇచ్చావంటే ఇన్ని రూపాలూ ఒక్క పేరు కిందకి వస్తాయి.

హెచ్-ఇండెక్స్ 2005లో హిర్ష్ పెట్టింది: కనీసం 4 సైటేషన్లున్న పేపర్లు 4 ఉంటే అది 4, అలా ఎంతవరకు వెళ్తే అంత. 25, 8, 5, 4, 3 సైటేషన్లున్న ఐదు పేపర్లకి అది 4. తలా నాలుగేసి ఉన్న నాలుగు పేపర్లకీ 4. ఆ 25 ఎక్కడికి పోయిందో నువ్వే చూడు. పైగా గణితంలో 12 సైటేషన్లు గొప్ప కావచ్చు, జీవశాస్త్రంలో 30 మామూలు కావచ్చు. అందుకే ఒక్కో పేపరు సైటేషన్లని అదే రంగం, అదే సంవత్సరం, అదే రకం వ్యాసాల సగటుతో భాగించు. రివ్యూ వ్యాసాన్ని రివ్యూతోనే పోల్చు. సగటు ఒకటి రెండు పెద్ద పేపర్లతో ఎగిరిపోతుంది కనుక ఆ రంగంలో ఎక్కువ సైటేషన్లున్న పై పది శాతంలో ఆయనవి ఎన్ని పడ్డాయో కూడా చూపించు.

సహకారానికి వాటా లెక్క వాడు: ఐదుగురుంటే తలా 0.2. 2015లో హిగ్స్ బోసాన్ ద్రవ్యరాశి మీద వచ్చిన పేపరుకి 5,154 మంది రచయితలు. నిండు లెక్కన, అంటే వాటాలు వేయకుండా ప్రతి జతనీ ఒకటిగా లెక్కేస్తే, అదొక్కటే 1,32,79,281 జతలు పుట్టిస్తుంది, పటం నల్లముద్ద అయిపోతుంది. ఒక పేపరుకి ఇంతమంది మించితే వదిలేయమనే గడి వీఓఎస్‌వ్యూయర్‌లోనే ఉంది. మామూలుగా 25 అని ఉంటుంది. వదిలేస్తే రిపోర్టులో ఆ మాట రాయి, దాచకు.

ఎన్ని రకాల శాస్త్రాలు కలిశాయో, వాటి మధ్య దూరాన్ని కూడా లెక్కలోకి తీసుకుని చూపే రావు-స్టిర్లింగ్ కొలత ఉంది. మన గణాంకశాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు 1982లో వేసిన పునాది. మీ ప్రొఫెసర్ గారు ఉదహరించిన పేపర్లలో సగం రసాయనం, సగం నేలశాస్త్రం అనుకో. రెంటి దూరం 0.8 అయితే 2×0.5×0.5×0.8, అంటే 0.4. దూరం 0.2 అయితే 0.1. దగ్గరి చుట్టాలైన రంగాలు రెండున్నా పెద్దగా పెరగదన్నమాట.

కసిరానని మొహం ముడుచుకోకు. నీకు ఓపిక తక్కువ, అందుకే గొంతు పెంచాను. పటం వేసే ముందు ‘సందేహం’ వరసలు నాకు పంపు, ఇద్దరం కూర్చుని చూద్దాం. అత్త నీకోసం అప్పడాలు కట్టి ఉంచింది, ఆదివారం రా.

మీ మావయ్య