ఖాళీ గడిలో సున్నా పెట్టకు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

ఒక రసాయనం తయారీకి జీవితచక్ర పర్యావరణ ప్రభావ మదింపు నీకే అప్పగించారని తెలిసింది. గర్వంగానే ఉంది, బెంగా ఉంది. ప్లాంటు లెక్కలు చేతికి రావు, గడువు మాత్రం వచ్చేస్తుంది. సరిగ్గా అప్పుడే, అంకె దొరకని గడిలో పెట్టడానికి చెయ్యి సున్నా వైపు పోతుంది.

లెక్కంతా ఒక కిలో సరుకుకు కట్టు. ఈ మదింపుకు అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 14044 చదివే ఉంటావు.

రసాయన సమీకరణంతో మొదలుపెట్టు. ఆస్పిరిన్ తీసుకో: కిలోకి సాలిసిలిక్ ఆమ్లం 0.767, ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్ 0.567 కిలోలు కావాలి. దిగుబడి తెలియకపోతే 95 శాతం అనుకోవడం వాడుక; అప్పుడవి 0.807, 0.596 అవుతాయి. పెరిగిన 0.07 కిలోలు నీళ్ళలోకి పోయాయా, గాలిలోకా, ఇన్సినరేటర్‌లోకా? రాసి తీరాలి. పక్కన పుట్టే 0.333 కిలోల ఎసిటిక్ ఆమ్లానిదీ అదే సంగతి.

అందరూ పడే పాత గొయ్యి ద్రావకం (సాల్వెంట్). సమీకరణంలో ఉండదు కాబట్టి లెక్కలోనూ ఉండదు. కిలో సరుకుకు పది కిలోల టోలీన్ అనే ద్రావకం వాడుతున్నారనుకో. 98 శాతం తిరిగి పట్టుకుంటే నష్టం 0.2 కిలోలు, 90 శాతమే పట్టుకుంటే పూర్తి కిలో. నష్టమైనదంతా కాల్చేస్తే కార్బన్ డయాక్సైడ్ 0.67 కిలోల నుంచి 3.34 కిలోలకు ఎగబాకుతుంది. ఆ పది కిలోలనూ డిస్టిలేషన్‌లో ఆవిరి చేయడానికి గుప్తోష్ణమే సుమారు 3.6 మెగాజౌళ్ళు, రిఫ్లక్స్ నిష్పత్తి 1 అయితే, అంటే బయటికి తీసినంత ద్రవాన్నీ మళ్ళీ కాలమ్‌లోకి పంపితే, దానికి రెట్టింపు. అసలు చర్యకు పట్టే వేడి చాలాసార్లు దీని ముందు చిన్నదే. అందుకే రికవరీ శాతం ఒక్కటైనా ప్లాంటువాళ్ళను అడుగు, విసుక్కున్నా సరే మళ్ళీ అడుగు. దొరక్కపోతే రెండు కొసలూ వేసి చూడు. ముగింపు తారుమారైతే, నీ రిపోర్టు నిలబడేది ఆ ఒక్క అంకె మీదే.

రసాయన శాస్త్రవేత్త షెల్డన్ 1992లో ఇచ్చిన ఇ-ఫ్యాక్టర్‌తో (కిలో సరుకుకు ఎన్ని కిలోల వ్యర్థమో చెప్పే అంకె) సరిచూసుకో: మందుల తయారీలో కిలోకి 25 నుంచి 100 కిలోల వ్యర్థం మామూలు. నీకు రెండు కిలోలే తేలితే ఏదో వదిలేశావు.

ఒక పదార్థానికి లెక్కలు దొరక్క మరో పదార్థం డేటా వాడేటప్పుడు పేరు పోలిక చూడకు తల్లీ, చర్య ఒకే రకమా, ఒకే ద్రావకమా అన్నది చూడు.

నా అసలు భయం మురుగునీరు. ఒక పదార్థానికి విషప్రభావ గుణకం (కిలోకి ఎంత హాని అని చెప్పే అంకె) లేకపోతే సాఫ్ట్‌వేర్ కిమ్మనకుండా సున్నా వేస్తుంది. దిగువన ఆ నీళ్ళు వాడుకునేవాళ్ళు లెక్కలోంచి మాయమవుతారు. రిపోర్టు ఇచ్చేముందు, గుణకం లేని పదార్థాల పేర్లన్నీ విడి కాగితం మీద రాసి నాకు పంపు. కలిసి చూద్దాం.